పలక మీది నాలుగంకెలు

కోనసీమలో బండి పల్టీ కొట్టిన చప్పుడు వినబడితే చేతిలో పని వదిలి పరుగెత్తని మనిషి ఉండడు. కొబ్బరి దింపు తీయిస్తున్న రైతు, చెరువు గట్టు మీద మేత బస్తాలు మోస్తున్న కూలి, టీ కొట్టు యజమాని అంతా కలిసి డ్రైవరును బయటికి లాగుతారు. ఆటో ఎక్కించి అమలాపురం పంపుతారు. పోలీసులు వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. ఇంత మంచి అలవాటు చూసి భయపడవలసి రావడమే విచారం.

యెదుర్లంక వంతెన దిగి అమలాపురం, రాజోలు మీదుగా చించినాడ వైపు సాగే 216 జాతీయ రహదారి మీద కొబ్బరి లారీల మధ్యే పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లూ నడుస్తాయి. బావుల దగ్గర నింపుకున్న ముడిచమురు బండ్లు తాటిపాక దారి పడతాయి. పెళ్లిబస్సూ, స్కూలు ఆటోలూ వాటి వెనకే.

ట్యాంకరులో ద్రవంగా ఉన్న వంటగ్యాసు ఒక్క లీటరు బయటపడితే దాదాపు రెండు వందల యాభై లీటర్ల వాయువవుతుంది. గాలికన్నా బరువు కనుక పైకి పోదు, పల్లానికి జారుతుంది. మన రోడ్లేమో చాలాచోట్ల కాలవ గట్టు మీద ఉంటాయి. ఇళ్లు, పశువుల పాకలు, కొబ్బరి తోటలు కింద. గట్టు మీద కారిన గ్యాసు బోదెలు పట్టుకుని పెరట్లోకి దిగుతుంది. అక్కడ ఎవరో పొయ్యి వెలిగిస్తే చాలు, బైకు స్టార్టు చేసినా చాలు. కారుతున్న చోట అది తెల్లని పొగలా కనిపిస్తుంది. పుష్యమాసపు తెల్లవారుజామున మన మంచులో ఆ తెలుపును వేరుగా పోల్చుకోగలిగేది ఎవరు?

కేరళలో కన్నూరు దగ్గర చాలా అనే చోట 2012 ఆగస్టు 27 రాత్రి, ఓణం రెండు రోజులుందనగా, గ్యాసు ట్యాంకరు డివైడరుకు కొట్టుకుని బోల్తా పడింది. మంటలు రోడ్డు పక్క ఇళ్లను చుట్టేశాయి. ఇరవై మంది పోయారు. జైపూరు శివార్లలో 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున మలుపు తిరుగుతున్న ట్యాంకరును లారీ గుద్దితే, వెనక ఆగిన బస్సూ బండ్లూ కాలిపోయాయి. పాకిస్తానులో బహావల్‌పూరు దగ్గర 2017 జూన్ 25న పల్టీ కొట్టిన ట్యాంకరు నుంచి కారుతున్న పెట్రోలు పట్టుకోవడానికి ఊరు ఊరంతా బిందెలతో, డబ్బాలతో వచ్చింది. మర్నాడు ఈద్. ఆ పెట్రోలు అంటుకుని చనిపోయినవారు రెండు వందలకు పైనే. వాళ్లది అత్యాశ అనేయడం తేలిక. పేదవాడికి ఉచితంగా దొరికిన డబ్బాడు పెట్రోలు పండగ ఖర్చు.

నిప్పు గురించి కోనసీమకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. ఇళ్లూ కొబ్బరి చెట్లూ నిలువునా మాడాయి. బావి, పైపు ఉన్నచోటే ఉంటాయి. ఎక్కడున్నాయో ఊరికి తెలుసు. ట్యాంకరు ఇవాళ ఎవరి ఇంటి ముందు ఆగుతుందో ఎవరికీ తెలియదు.

చట్టం లేకపోలేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం ఇలాంటి బండి మీద మూడు చోట్ల అత్యవసర సమాచార పలక ఉండాలి. సరుకు పేరు, ప్రపంచమంతటా చెల్లే నాలుగంకెల సంఖ్య, ఫోను నంబరు దాని మీద రాయాలి. 1075 అంటే వంటగ్యాసు, 1203 పెట్రోలు, 1267 ముడిచమురు, 1017 క్లోరిన్. డ్రైవరుకు మూడు రోజుల శిక్షణతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం కూడా వచ్చి ఉండాలట. బాగుంది. ఆ డ్రైవరు స్పృహ తప్పి స్టీరింగు మీద పడి ఉన్నప్పుడు ఆ పలక చదవాల్సింది మాత్రం ఊరివాళ్లే. వాళ్లకు ఆ అంకెల సంగతి ఎవరూ చెప్పలేదు.

పలక కింద తెలుగులో ఒక్క వాక్యం రాయించడం చమురు సంస్థలకు బరువు కాదు. గ్రామ సచివాలయం గోడ మీద, హైస్కూలు వరండాలో ఈ సంఖ్యల పట్టిక పెట్టించడం జిల్లా యంత్రాంగానికి ఒక్క ఉత్తర్వు పని.

మరి క్యాబిన్లో చిక్కుకున్న మనిషి మాట? కష్టమైన ప్రశ్నే. గ్యాసు వాసన గుప్పుమంటున్నా, తెల్లపొగ కనిపిస్తున్నా మామూలు మనుషులు దగ్గరికి వెళ్తే సాయం చేయబోయినవాళ్లూ మిగలరు. ఆ పని అగ్నిమాపక సిబ్బందికి వదలాలి. వాళ్లు వచ్చేలోగా ఊరు చేయగలిగింది తక్కువేం కాదు: రెండు వైపులా దూరంగానే బండ్లు ఆపించడం, గట్టు కింది ఇళ్లలో పొయ్యిలు ఆర్పించి జనాన్ని ఖాళీ చేయించడం. గాలి ఎటు వీస్తోందో కొబ్బరి మట్టలు చెబుతాయి. గాలి వచ్చే వైపుకే తప్పుకోండి. బైకు స్టార్టు చేయకండి, వీడియో కోసం ముందుకు పోకండి. దూరం నుంచి పలక కనిపిస్తే 112కు ఫోను చేసి, ఊరి పేరుతో పాటు ఆ నాలుగంకెలూ చదివి చెప్పండి.