‘అన్నీ ఒకటే’నట!

“అన్నీ ఒకటే అన్నా. పైన పేరు తప్ప లోపలుండేది కాగితమేగా!”

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపాయన ఈ మాట అంటే మా తమ్ముడు నమ్మాడు. కంపెనీ ఆయిల్ ఫిల్టర్ కన్నా నూట ముప్పై రూపాయలు తక్కువకు వస్తోందని సంతోషపడ్డాడు కూడా. ఆరు నెలలు తిరిగేసరికి హైదరాబాద్ రోడ్డు మీద, నందిగామ దాటాక, వాడు కిరాయికి తిప్పే డీజిల్ కారు టకటకలాడి ఆగిపోయింది. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు. వెనక సీట్లో శంషాబాద్‌లో విమానం అందుకోవాల్సిన దంపతులు. బండి అప్పుకు ఇంకా ఇరవై రెండు వాయిదాలు బాకీ.

షెడ్డులో ఇంజన్ అడుగున నూనె ఉండే ఛాంబర్ విప్పారు. కనెక్టింగ్ రాడ్ బేరింగుల మీద పైపొర అరిగిపోయి రాగి రంగు బయటపడింది. క్రాంకు మీద గోరు ఆడిస్తే గోరు చిక్కుకునేంత గీతలు. ఖర్చు ఎనభై వేలు దాటింది. నెలన్నర కిరాయిలు పోయాయి.

ఆ ఫిల్టర్‌ను పారేయనివ్వలేదు నేను. దాన్నీ, అదే ఇంజన్‌కు వచ్చే ఒరిజినల్‌నూ పక్కపక్కన పెట్టి అంచు చుట్టూ హ్యాక్సాతో కోయించాను. ఒరిజినల్‌లో కాగితం మడతలు దగ్గరదగ్గరగా, సమానంగా ఉన్నాయి. రెండు చివరలూ గట్టిగా అతికి ఉన్నాయి. మా వాడి దాంట్లో మడతలు సగమే. ఒకచోట కాగితం అంచు ఊడిపోయి, నా చిటికెన వేలి గోరు దూరేంత సందు! ఆ సందుండగా నూనెకు కాగితంలోంచి వడకట్టుకు పోవాల్సిన పనేముంది? గండి పడ్డ గట్టులోంచి నీళ్లు పోయినట్టు పోతుంది.

అసలు ఘోరం ఇంకొకటి. బండి ఆపాక ఫిల్టర్‌లోని నూనె వెనక్కి కారిపోకుండా పట్టి ఉంచే రబ్బరు వాల్వు ఒకటి ఉంటుంది. దీంట్లో అది బిరుసెక్కి వంకర తిరిగింది. అది పని చేయకపోతే రాత్రంతా నూనె ఛాంబర్‌లోకి దిగిపోతుంది. తెల్లారి స్టార్ట్ చేయగానే, పంపు మళ్లీ నూనె ఎక్కించేదాకా బేరింగులు దాదాపు పొడిగా తిరుగుతాయి. ఉదయంపూట రెండు మూడు సెకన్లు మోత వస్తోందని మా తమ్ముడు మెకానిక్‌తో రెండుసార్లు చెప్పాడు. “డీజిల్ బండి కదన్నా, ఆమాత్రం ఉంటుంది. ఏం కాదు” అన్నాడట ఆయన. బానెట్ ఎత్తను కూడా లేదు.

ఏం కాదట! ఎవరికి ఏం కాదు?

షాపాయన్ని అడిగితే, “ఫిల్టర్ వల్లేనని రుజువేంటి? థ్రెడ్డు సరిపోయింది, లీకు కాలేదు, ఇంకేం కావాలి?” అన్నాడు. అదీ వీళ్లకు తెలిసిన నాణ్యత! ఒకే థ్రెడ్డు ఉన్న రెండు ఫిల్టర్లలో బైపాస్ వాల్వు తెరుచుకునే ప్రెషర్ వేరువేరుగా ఉండొచ్చు. కాగితం మూసుకుపోతే ఇంజన్‌కు నూనె అందకుండా పోకూడదని పెట్టిన దారి అది. కొన్ని ఇంజన్లకు ఆ వాల్వు ఫిల్టర్‌లో ఉంటుంది, కొన్నింటికి ఇంజన్ బాడీలోనే ఉంటుంది. అందుకే ఫిల్టర్‌ను పార్ట్ నంబరు చూసి కొనాలి. కానీ ఆ షాపాయన ఇచ్చిన బిల్లు చూడండి: “ఆయిల్ ఫిల్టర్ – 1”. నంబరు లేదు, కంపెనీ పేరు లేదు. రుజువు అడిగేవాడే రుజువు లేకుండా చేసి అమ్ముతున్నాడు.

పేరున్న కంపెనీలేమైనా తక్కువ తిన్నాయా? మూడు డబ్బాలు తెచ్చి చూశాను. ధర ఉంది, తయారైన నెల ఉంది, మెరిసే స్టిక్కరుంది. ఎంత సన్నని రేణువును నూటికి ఎన్ని పాళ్లు పట్టగలదన్నది ఒక్కదాని మీదా లేదు. ఆ లెక్క తేల్చడానికి ఐఎస్ఓ 4548-12 అనే పరీక్ష ఉంది. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. ఇంజన్‌ను అరగదీసేవి అందులో మూడో వంతూ లేని, కంటికి ఆనని రేణువులు. ఆ సంగతి కొనేవాడికి చెప్పడానికి డబ్బా మీద ఒక్క వరుస చోటు లేదా?

ఇలాంటి కంపెనీల పేరు పెట్టి నకిలీ సరుకు అమ్మితే 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. చట్టం అలా పుస్తకంలో ఉంటే, దొంగ డబ్బాలు ఇలా కౌంటర్ మీద ఉంటున్నాయి.

ఇక మన సంగతి. దసరాకు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. సీటు కవర్లకు ఏడెనిమిది వేలు ఇస్తాం. సర్వీసింగ్ రోజున మాత్రం “ఆయిల్ మార్చు, ఫిల్టర్ వచ్చేసారి చూద్దాంలే” అంటాం. కొత్త నూనె పోసి పాత మురికిలోంచే తిప్పుతాం. విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డ గంటలు కిలోమీటర్లలో పడవు. కానీ ఇంజన్ లెక్కలో పడతాయి. దుమ్ములో, ట్రాఫిక్‌లో తిరిగే బండికి ముందుగానే మార్చాలని ఓనర్స్ మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆ పుస్తకం గ్లోవ్ బాక్సులో కవరు విప్పకుండా పడి ఉంటుంది.

అయ్యా, ఈసారి సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకోకండి. మీ బండి పార్ట్ నంబరు రాసుకెళ్లండి. డబ్బా మీ ఎదుటే విప్పమనండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కు అతుక్కుని ఉండిపోలేదని చూసుకోండి. బిల్లు మీద నంబరు రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. మోసపోతే 1915కు ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. ఎవరైనా “అన్నీ ఒకటే” అంటే మాత్రం, ఆ మాట కూడా బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి.

ఒక్కరు కూడా పెట్టరు.