పరాయి దేశంలో తొలి కిరాయి ఇల్లు

విదేశీ విద్యకు బయలుదేరే బిడ్డ ఉన్న ఇంట్లో చర్చంతా ఫీజు, బ్యాంకు రుణం, వీసా, విమానం టిక్కెట్టు చుట్టూనే సాగుతుంది. అక్కడ దిగిన రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్నకు మాత్రం "ఎవరో స్నేహితులున్నారట" అన్న జవాబుతో సరిపెట్టుకుంటున్నాము. పత్తి అమ్మిన సొమ్ము, పొలం కుదువ పెట్టి తెచ్చిన సొమ్ము మొదట చిక్కుకునేది ఈ అజాగ్రత్త వద్దనే.

కిన్వట్ పరిసర గ్రామాల విద్యార్థికి తొలి కిరాయి గది సాధారణంగా నాందేడ్‌లోనో, ఆదిలాబాద్‌లోనో, హైదరాబాద్‌లోనో దొరుకుతుంది. అక్కడ తెలిసినవారి మాటే పూచీ. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999 ప్రకారం ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి, రిజిస్టరు కావాలి. అయినా పల్లె నుంచి వచ్చిన విద్యార్థి విషయంలో ఆ నియమాన్ని పట్టించుకునేవారు అరుదు. విదేశాలలో మాట చెల్లదు, కాగితమే చెల్లుతుంది. ఈ తేడాను గ్రహించకపోవడమే సగం నష్టాలకు మూలం.

కొత్తగా వచ్చిన విద్యార్థికి ఇల్లు ఇవ్వడానికి యజమానులు జంకడానికి కారణం ఉంది. అతనికి ఆ దేశంలో జీతం లేదు, అప్పు తీర్చిన చరిత్ర లేదు, పూచీ నిలిచే బంధువు లేడు. అందుకే ఇంగ్లండులో స్థానిక పూచీదారు లేని విదేశీ విద్యార్థులను ఆరు నెలల అద్దె ముందుగా అడగడం చాలాకాలంగా పరిపాటి అయింది. 2025 అక్టోబరులో ఆమోదం పొందిన అద్దెదారుల హక్కుల చట్టం దీనిపై ఆంక్ష విధించింది. 2026 మే 1ని అమలు తేదీగా నిర్ణయించిన నిబంధనల ప్రకారం ప్రైవేటు అద్దె ఇళ్లలో ఒక నెలకు మించి ముందస్తు అద్దె కోరరాదు. ప్రత్యేక విద్యార్థి వసతి భవనాలకు వేరు నియమాలున్నాయి. ఈ మార్పు మేలైనదే. అయితే ముందస్తు సొమ్ము తీసుకునే దారి మూసుకుపోతే, యజమాని స్థానిక పూచీదారు కోసం మరింత పట్టుబట్టవచ్చు. కాబట్టి పూచీ విషయమై విశ్వవిద్యాలయం ఏమైనా సహాయం చేస్తుందేమో బయలుదేరక ముందే అడిగి తెలుసుకోవడం వివేకం.

ధరావతు, అంటే డిపాజిట్, విషయంలోనూ ఇంగ్లండు చట్టం స్పష్టం. 2019 జూన్ 1 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం సాధారణ అద్దె ఇళ్లకు అది ఐదు వారాల అద్దెకు మించరాదు. నెల అద్దె 600 పౌండ్లయితే ధరావతు సుమారు 692 పౌండ్లు దాటకూడదన్నమాట. ఇల్లు తమ పేర నిలిపి ఉంచడానికి కట్టే సొమ్ము ఒక వారం అద్దెకు, అంటే సుమారు 138 పౌండ్లకు మించరాదు. ధరావతును 30 రోజులలోగా ప్రభుత్వ ఆమోదం గల రక్షణ పథకంలో జమ చేయాలి. కానీ యజమాని నివసించే ఇంట్లోనే గది తీసుకున్నవారికి ఈ రక్షణ వర్తించదు. మన పిల్లలు చాలామంది చౌక అని చూసేది ఇటువంటి గదులనే.

మిగిలిన దేశాల పద్ధతులు వేరు. జర్మనీలో ధరావతు మూడు నెలల మూల అద్దె వరకు ఉండవచ్చు, కాని దానిని మూడు సమాన నెలవారీ వాయిదాలలో చెల్లించే హక్కు చట్టమే ఇచ్చింది. వీసా కోసం స్తంభింపజేసిన ఖాతా నుంచి నెలకు పరిమిత సొమ్మే చేతికి వచ్చే విద్యార్థికి ఇది ప్రాణవాయువు వంటిది. ఇల్లు మారిన రెండు వారాలలో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి యజమాని ధ్రువపత్రం తప్పనిసరి. ఆ పత్రం ఇవ్వనన్న గది ఎంత చౌకైనా వద్దు. కెనడాలోని ఒంటారియోలో యజమాని ధరావతుగా కోరగలిగేది గరిష్ఠంగా ఒక నెల అద్దె. అది చివరి నెల అద్దెకే చెల్లుతుంది. నష్టపరిహారం పేర వేరే ధరావతు అడగడం చట్టవిరుద్ధం. అమెరికాలో రాష్ట్రానికో చట్టం. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి చాలా ఇళ్లకు ధరావతు ఒక నెల అద్దెకే పరిమితం. టెక్సాస్‌లో అటువంటి పరిమితి లేదు, పైగా ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామా లిఖితపూర్వకంగా ఇస్తేనే ధరావతు తిరిగి చెల్లించే గడువు బాధ్యత యజమానిపై పడుతుంది.

మోసం జరిగే తీరు ఎక్కడైనా ఒకటే. అందమైన ఫొటోలు, మార్కెట్టు కన్నా తక్కువ అద్దె, "నేను ఊళ్లో లేను, సొమ్ము పంపితే తాళంచెవి పోస్టులో పంపుతాను" అన్న సందేశం. ఈ మూడూ ఒకచోట కలిస్తే అనుమానించాలి. ఇల్లు చూడకుండా, యజమాని హక్కును నిర్ధారించుకోకుండా సొమ్ము పంపరాదు. తొలి రెండు మూడు వారాలకు విశ్వవిద్యాలయ వసతిలో దిగి, తరువాత కళ్లారా చూసి ఇల్లు తీసుకోవడం ఖర్చనిపించినా నిజానికి పొదుపే.

మనవారితో కలిసి ఉండడంలోనూ ఒక చిక్కు ఉంది. నలుగురు కలిసి ఒకే ఒప్పందంపై సంతకం చేస్తే, ఒకడు మధ్యలో వెళ్లిపోయినా అతని వాటాను సాధారణంగా మిగిలినవారి నుంచి వసూలు చేయవచ్చు. ఒప్పందంలో పేరు లేకుండా నేలమీద పరుపు వేసుకున్నవానికి అద్దె కట్టిన ఆధారమూ ఉండదు, అడిగే హక్కూ ఉండదు. స్నేహం వేరు, సంతకం వేరు.

సరిహద్దు కుటుంబాలకు మరో ప్రత్యేక సమస్య. 1956 నవంబరు 1 వరకు కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. భాష, బంధుత్వం నేటికీ సరిహద్దు దాటి సాగుతున్నా, స్థానికత మాత్రం మారిపోయింది. సరిహద్దు అవతలి బంధువుల బిడ్డకు తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల సహాయం అందిందని విని ఇక్కడివారు ఆశపడుతుంటారు. అది తెలంగాణ స్థానికులకే. మహారాష్ట్రలో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు రాజర్షి షాహూ మహారాజ్ పేర విదేశీ విద్యార్థి వేతనం ఉంది. గిరిజన విద్యార్థులకూ గిరిజనాభివృద్ధి శాఖ ద్వారా పథకం ఉంది. వాటి వివరాలకు సంబంధిత శాఖల కార్యాలయాలనే ఆశ్రయించాలి. ఏ పథకాన్ని నమ్ముకున్నా, తొలి విడత సొమ్ము చేతికి అందడానికి ముందే ఇంటి ధరావతు కట్టవలసి రావచ్చు. ఆ సొమ్మును విడిగా ఉంచుకోవాలి.

తల్లిదండ్రులు చేయగలిగింది చిన్నదే, కాని విలువైనది. ఒప్పందం నకలు ఒకటి ఇంటికి తెప్పించుకోండి. ఇంగ్లీషు తెలిసిన ఉపాధ్యాయునితో చదివించి అద్దె, ధరావతు, గడువు, ఖాళీ చేసే నియమం అన్న నాలుగు మాటలూ తెలుగులోనో మరాఠీలోనో రాయించుకోండి. ఇంట్లో చేరిన రోజునే గోడలు, తలుపులు, సామాను ఫొటోలు తీసి మీకు పంపమని బిడ్డకు చెప్పండి. ఏడాది తరువాత ధరావతు తిరిగి అడిగే రోజున ఆ ఫొటోలే సాక్ష్యమవుతాయి.