బరువు దించు విద్య

గతమాసమున మనము జాడీలను, ఊరగాయలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసపు విషయము వినినంతనే మీరు నవ్వుదురేమో! పందెపు మోటారుబండిని గూర్చి వ్రాయబూనితిని. ఇది స్త్రీల పుటలకు తగిన విషయమా యని కొందఱకు సందేహము కలుగవచ్చును. మన కడుపున పుట్టిన బిడ్డ రాత్రింబవళ్లు దేనిలో తల దూర్చి యున్నాడో, అది ఇల్లాలికి తగని విషయమెట్లగును?

మా చిన్నమ్మ కుమారుడు పటాన్‌చెరులో ఒక యంత్రశాలయందు లేతు పని చేయుచున్నాడు. బుద్ధిమంతుడు, వక్కపొడి కూడ నోట వేయడు. ఒక ఆదివారమున చిన్నమ్మ సంగారెడ్డిలోని మా యింటికి వచ్చి, చెంగుతో కన్నులొత్తుకొనుచు, "బిడ్డా! వాడు మూడేండ్ల జీతము ఇనుప గొట్టములలో పోసినాడు. ఇప్పుడు పందెపు టైర్లు కొనవలెనని నా చేతి గాజుల జత అడుగుచున్నాడు. గాజులు పోయిన పోనిమ్ము. వాడు నాకు దక్కునా? నీ మాట వినును. ఆ బండిని పాత యినుమువానికి అమ్మివేయుమని నీవైనను చెప్పు" మని వాపోయినది.

ఆమె భయమును నేను తేలికగా తీసివేయజాలనైతిని. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని మందుల కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా మరణించిరి. ఆనాటినుండి మా ప్రాంతపు తల్లులకు వేళగాని వేళ ఫోను మ్రోగిన గుండె ఝల్లుమనును. అట్టి తల్లికి కుమారుడు వేగముకొఱకు బండి కట్టుచున్నాడన్న నిద్ర ఎట్లు పట్టును?

కావున ఆ మఱునాటి ఆదివారము చిన్నమ్మను వెంటబెట్టుకొని నేనును మా వారును బయలుదేఱితిమి. బస్సు కంది, రుద్రారము, ఇస్నాపురము దాటి పోవుచుండగా ఒక సంగతి నాకు తోచినది. మా ప్రాంతమంతయు బరువైన వస్తువులకు పుట్టినిల్లు. రామచంద్రాపురములో బీహెచ్ఈఎల్ వారు పెద్ద పెద్ద టర్బైనులు చేయుదురు. ఎద్దుమైలారములో సైన్యమునకు ఉక్కు కవచములు గల యుద్ధశకటములు తయారగును. సదాశివపేటలో టైర్లు; జహీరాబాదులో 1980వ దశకమున ఆల్విన్ నిస్సాన్ వారు చిన్న లారీలు చేసిన శాల నేడు మహీంద్రా వారి చేతిలో నున్నది. ఇట్టి చోట పుట్టిన కుఱ్ఱవాడు ఎంత తేలికైన బండి కట్టగలనాయని తపస్సు చేయుచున్నాడు!

యంత్రశాల వెనుక ఱేకుల కొట్టములో ఆ బండి యున్నది. నేను తళతళలాడు వాహనము నూహించుకొంటిని. ఎదుట నున్నదో, ఒక పడవ యొక్క ప్రక్కటెముకలు! అంగుళము వెడల్పు గల చదరపు ఉక్కు గొట్టములను అతికి చేసిన చట్రము. దానికి పలుచని అల్యూమినియము ఱేకు తొడుగు. ముందు ఫైబరు గ్లాసుతో పోతపోసిన పొడవైన ముక్కు. తలుపులు లేవు, కప్పు లేదు, కూర్చుండుటకు రెండు గుంటలు మాత్రము కలవు. ముందు చక్రములు మిడుతకాళ్లవలె బయటికి చాచుకొని యున్నవి.

"అక్కా! ఇది నా కల్పన కాదు" అని తమ్ముడు చెప్పదొడగెను. 1957లో ఇంగ్లండున కాలిన్ చాప్మన్ అను శిల్పి లోటస్ సెవెన్ అను చిన్న స్పోర్ట్సు కారును వెలువరించినాడట. దాని బరువు సుమారు 500 కిలోలే. 1973లో ఆ నమూనాపై హక్కులు కేటర్‌హామ్ వారికి చేరినవి. వారు దానిని నేటికిని చేయుచున్నారు. 1996లో రాన్ ఛాంపియన్ అను నతడు 250 పౌనులకే స్పోర్ట్సు కారు కట్టుకొనవచ్చునను శీర్షికతో ఒక గ్రంథము ప్రచురింపగా, దేశదేశముల సామాన్యులు తమ పెఱళ్లలో ఇట్టి బండ్లను కట్టుకొనదొడగిరి. మా వాడు పాత మారుతి జిప్సీ బండినుండి 1298 ఘనసెంటీమీటర్ల ఎంజినును, వెనుక ఇరుసును తీసి దీనికి అమర్చినాడు.

"ఇంత శ్రమపడి దీనితో ఎంతదూరము పోయెదవురా?" అని చిన్నమ్మ అడిగినది.

"402 మీటర్లమ్మా."

ఆమె నా వంక చూచినది. నాకును నవ్వాగలేదు. సంగారెడ్డిలో పాలు తెచ్చుకొనుటకు నేను నిత్యము అంతకంటె ఎక్కువ దూరము నడతును! కాని ఆ పందెము తీరే అట్టిదట. దీనిని డ్రాగు పందెమందురు. రెండు బండ్లు ప్రక్కప్రక్కన కదలక నిలిచి యుండును. పసుపు దీపములు వెలిగి పచ్చదీపము రాగానే తిన్నని బాటపై పావు మైలు దూకవలెను. మలుపులు లేవు. నిలిచిన బండి ఎంత శీఘ్రముగా పరువందుకొనుననునదే పరీక్ష. అమెరికాలో ఎండిన సరస్సులపైనను, విడిచిపెట్టిన విమానపు బాటలపైనను కుఱ్ఱవాండ్రు ఆడిన ఈ యాటకు 1951లో ఒక జాతీయసంఘ మేర్పడి కట్టుబాట్లు చేసినది. ఆ పావు మైలే మన కొలతలో 402 మీటర్లు.

ఋతుపర్ణుని రథమును బాహుకవేషమున నున్న నలుడు తోలినప్పుడు, రాజు ఉత్తరీయము జాఱి పడినది. "రథము నాపు" మనునంతలోనే అది యోజనము వెనుకబడినదని భారతకథ. ఆ ఘట్టము చదివినప్పుడెల్ల నేను నలుని అశ్వహృదయ విద్యనే మెచ్చుకొనుచుంటిని. రథపు బరువును గూర్చి ఏనాడును ఆలోచించియెఱుగను. మా వారు బల్లమీద సుద్దముక్కతో ఆ లెక్క వేసి చూపిరి. ఎంజిను శక్తి 80 గుఱ్ఱములనుకొందము. అసలు జిప్సీ బండి సుమారు 1000 కిలోలు, నడుపు మా తమ్ముడు 88 కిలోలు. ఒక్కొక్క గుఱ్ఱమునకు సుమారు 13½ కిలోల బరువు పడును. ఈ క్రొత్త బండి తూగునది 560 కిలోలే. తమ్మునితో కలిసి 648. అనగా గుఱ్ఱమునకు 8 కిలోలు చొప్పున మాత్రమే. గుఱ్ఱములు అవియే, మోత సగమునకు దగ్గఱగా తగ్గినది. కాగితముపై లెక్క ప్రకారము జిప్సీ 18 సెకండ్లలో పోవు దూరము దీనికి 15 సెకండ్లకు కొంచెము పైగా పట్టునట. శక్తి పెంచుటకు ధనము కావలెను. బరువు దించుటకు ఓర్పు చాలును. పేదవాని వేగమునకు ఇదియే మార్గమని నాకు బోధపడినది.

గోడమీద పత్రికనుండి కత్తిరించిన ఒక చిత్రమున్నది. "ఈయన యెవరు?" అని చిన్నమ్మ ప్రశ్నించెను. సుందరం కరివర్ధన్ గారట. కోయంబత్తూరులో చిరకాలము క్రిందట స్థిరపడిన తెలుగు కుటుంబములలో వస్త్రపు మిల్లులు గల ఒక యింట జన్మించినవారు. తామే పందెములు తోలినవారు. ధనికులకే చెల్లు ఈ విద్య సామాన్య యువకులకును అందవలెనని తలచి, మారుతి 800 బండిలోని 796 ఘనసెంటీమీటర్ల ఎంజినుతో తేలికైన ఒంటి ఆసనపు పందెపు బండిని రూపొందించిరి. 1988లో ఫార్ములా మారుతి అను పేర ఆ బండ్ల పందెములు ఆరంభమైనవి. ఆ రోజులలో దక్షిణదేశపు పందెములకు చెన్నపట్టణము చేరువనున్న చోళవరమే నెలవు. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపు బాట యది. తరువాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన బాట ఏర్పడినది. కోయంబత్తూరువాడే యగు నరేన్ కార్తికేయన్ ఫార్ములా మారుతి బండితో మొదలిడి, 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన మొదటి భారతీయుడయ్యెను.

"ఇంతటి మహానుభావుడు ఇప్పుడెక్కడ నున్నాడు?" అని చిన్నమ్మ మరల నడిగినది.

తమ్ముడు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "1995లో తేలికపాటి విమానము కూలి మరణించినారమ్మా. 2003లో కోయంబత్తూరు దగ్గఱ తెఱచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టినారు" అని మెల్లగా చెప్పెను. చిన్నమ్మ మఱేమియు అనలేదు. చేతి గాజులను మాత్రము ఒకసారి త్రిప్పుకొనినది.

అప్పుడు నా చేతికి ఒక లెక్కల పుస్తకము చిక్కినది. మన చాకలిపద్దు వంటిదే. తీసివేసిన ప్రతి వస్తువును తూచి వ్రాసినాడు. అదనపు చక్రము, తివాచీ, వెనుక ఆసనము, అద్దపు తలుపులు. చిల్లులు వేసిన ఱేకులనుండి రాలిన లోహపు పొట్టును సయితము గ్రాములలో తూచినాడు! ఆ శ్రద్ధకు నాకు ముచ్చట కలిగినది. పుట త్రిప్పగా కడపటి పంక్తి ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడి యున్నది: "రోల్‌బారు – 18 కిలోలు".

"ఇది యేమిటిరా?"

"తల వెనుక విల్లువలె వంచి నిలుపు ఉక్కు గొట్టమక్కా. బండి తలక్రిందులైనచో నడుపువాని తల నేల తాకకుండ కాచును. కాని తిన్నని బాటలో బండి ఎందుకు బోల్తాపడును? 18 కిలోలు దండుగ."

మా వారు మరల సుద్దముక్క పుచ్చుకొని లెక్కించి, "ఆ 18 కిలోలవలన నీకు కలుగు ఆలస్యము సెకనులో ఏడవవంతు" అనిరి. ఱెప్ప వేసి తీయునంత కాలము!

అప్పుడు నేనిట్లంటిని: "తమ్ముడా! కర్ణుడు కవచకుండలములను కోసి యిచ్చి తేలికయైనాడు. అతడు దాతయై ఇచ్చినాడు కావున లోకము కీర్తించినది. నీవు ఎవరికి దానము చేయుచున్నావు? సెకనులో ఏడవవంతునకా? నూతికి గట్టు బరువు కాదు. బరువులలో మోయునవి కొన్ని, మనలను కాచునవి కొన్ని. ఈ రెంటిని ఒకే పద్దులో వ్రాసితివి. నీ లెక్కలో తప్పు అదియే."

వాడు తల వంచుకొనెను. అయినను, "ఆ 18 కిలోలు మఱెక్కడినుండి తీయుదునక్కా? తీయదగినదంతయు తీసితిని గదా!" అని గొణిగెను.

అంతవఱకు ముక్కాలిపీటపై మౌనముగా కూర్చున్న చిన్నమ్మ లేచి, "నీ బరువెంతంటివి? ఎనుబది యెనిమిదా? ఆ పదునెనిమిదియు నీ యొంటినుండి దించుము. నేటినుండి రాత్రి నీకు రెండు జొన్నరొట్టెలే. నేతిగిన్నె నా దగ్గఱ నుండును" అన్నది.

కొట్టములోని పనివాండ్రందఱు ఘొల్లున నవ్విరి. మా తమ్ముడును నవ్వెను. ఎంత చదివిన శాస్త్రజ్ఞుడైనను దీనికి బదులు చెప్పగలడా? బండి బరువు 578, వాని బరువు 70. మొత్తము మరల 648! ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన పంక్తిని వాడే నల్లసిరాతో తిరిగి వ్రాసినాడు.

బండిని అమ్మివేయుమని చెప్పుటకు పోయిన నేను ఆ మాట ఎత్తక, మూడు కట్టుబాట్లు మాత్రము చేసి వచ్చితిని. మొదటిది: రోల్‌బారు, భుజముల మీదుగా బిగించు పట్టీలు, శిరస్త్రాణము, మంటలార్పు సిలిండరు అమరిన పిదపనే ఎంజినులో పెట్రోలు పోయవలెను. రెండవది: ఈ బండి చక్రము రాజమార్గమును తాకరాదు. ముత్తంగి దగ్గఱ ఔటర్ రింగు రోడ్డు రాత్రివేళ ఎంత ఖాళీగా నున్నను అది ఇంటికి చేరవలసినవారి బాట, పందెపు బాట కాదు. ప్రభుత్వపు అనుమతి లేక బహిరంగస్థలమున పందెము తోలుట 1988 మోటారు వాహనముల చట్టము 189వ విభాగము ప్రకారము నేరము. ఇంట కట్టిన ఈ బండిని లారీపై ఎక్కించి, మూసిన బాటకే కొనిపోవలెను. అచ్చట పరీక్షకులు ప్రతి మరను, ప్రతి పట్టీని చూచిన పిమ్మట మాత్రమే తోలవలెను. మూడవది: అమ్మ గాజులు అమ్మ చేతనే యుండును. టైర్లకు వాడు జీతము కూడబెట్టుకొనును. రోల్‌బారు గొట్టములకు మాత్రము ఈ పత్రికవారు నాకు పంపిన పారితోషికమును ఇచ్చివచ్చితిని.

సోదరీమణులారా! మన బిడ్డలకు కలుగు వేగపు కోరికను కసరి ఆపలేము. కసరినచో అది మన కన్నుగప్పి చీకటిలో, నడిరోడ్డుమీద తీఱును. కావున కొట్టములోనికి మనమే అడుగిడి పద్దు చూపుమని యడుగుదము. ఏమి కలిపినాడో వాడే ఉత్సాహముతో చెప్పును. ఏమి తీసివేసినాడో మనము అడిగి తెలిసికొనవలెను.

దమయంతి రథధ్వని వినియే తోలువాడు నలుడని గుర్తించినదట. నిన్న చిన్నమ్మ ఫోను చేసి, రోల్‌బారు అతికిన తరువాత ఎంజినును మొదటిసారి నిలిచినచోటనే తిప్పిరని చెప్పినది. "వీధి చివఱనుండియే విని పోల్చుకొంటిని బిడ్డా, అది మనవాని బండియే" అన్నది. ఆమె కంఠమున భయము పూర్తిగా పోలేదు. కాని ఆ భయము ప్రక్కన కొంచెము గర్వము కూడ చేరినది. తమ్ముడు ఇప్పటికి నాలుగు కిలోలు తగ్గినాడట. ఇంకను పదునాలుగు.