ఎలుక కడుపూ మనిషి కడుపూ ఒకటేనా?

తాగేవాళ్ల కడుపుకు ఉసిరి రక్ష అనే మాటకు ఆధారంగా ప్రయోగశాలల పరిశోధనలను చూపిస్తుంటారు. ఆ పరిశోధనలు అబద్ధమని నేననను. అవి ఏం చెప్పాయో, ఏం చెప్పలేదో విడదీసి చూడాలంటాను.

ప్రయోగం తీరు దాదాపు ఒకటే. ఎలుకను ఒకరోజు పస్తుంచుతారు. మొక్క రసం పట్టిస్తారు. అరగంటో గంటో ఆగి, నీళ్లు కలపని ఆల్కహాలును గొట్టంతో నేరుగా కడుపులోకి వదులుతారు. మరో గంటకు ఎలుకను చంపి, కడుపు కోసి, లోపలి పొర మీది ఎర్రచారలు కొలుస్తారు. రసం తాగిన ఎలుకకు చారలు తక్కువ. ఎందుకంటే, ఆల్కహాలు జిగురుపొరను దాటి కింది కణాలనూ సన్నని రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. అక్కడ పుట్టే ఆక్సిజన్ రాడికల్స్ కణాల పైపొరలోని కొవ్వును పాడుచేస్తాయి. కణం తన దగ్గరున్న గ్లూటాథయోన్‌తో వాటిని ఎదుర్కొంటుంది గాని ఆ నిల్వ చప్పున తరిగిపోతుంది. ఉసిరిలోని విటమిన్ సి, టానిన్లు ఆ లోటును కొంత పూడుస్తాయంటారు. ఇంతవరకు బాగానే ఉంది.

ఇక మోతాదు చూడండి. 200 గ్రాముల ఎలుకకు 1 మి.లీ. శుద్ధ ఆల్కహాలు ఇవ్వడం మామూలు. ఆ లెక్కన 60 కిలోల మనిషికి 300 మి.లీ. అంటే, 42.8 శాతం బ్రాందీ అయితే సుమారు 700 మి.లీ., అదీ పరగడుపున, ఒక్క గుక్కలో! ఎంత తాగుబోతయినా అలా తాగడు. తాగడానికి గంట ముందు కొలిచి ఉసిరి రసం పుచ్చుకునేవాడూ ఉండడు.

అసలు తమాషా ఇంకోటుంది. ప్రోస్టాగ్లాండిన్లు అతి తక్కువగా ఇచ్చినా ఎలుక కడుపు శుద్ధ ఆల్కహాలును తట్టుకుంటుందని 1979లో ఆండ్రే రాబర్ట్ బృందం చూపింది. 1983లో వాళ్లే పలచని ఆమ్లం, పలచని క్షారం, ఉప్పునీళ్లు, చివరికి నీళ్లు కలిపిన ఆల్కహాలు ముందుగా పట్టించి చూశారు. అప్పుడూ దెబ్బ తగ్గింది! కాస్త చురుక్కుమంటే కడుపు తానే ప్రోస్టాగ్లాండిన్లు చేసుకొని జాగ్రత్తపడుతుందని వాళ్ల వివరణ. మరి పరీక్షలో నెగ్గింది కదా అని పలచని ఆల్కహాలునే మందుగా రాసిద్దామా? ఉసిరి వగరు కూడా కొంత ఇదే పని చేస్తోందేమో అని చూడకుండా, అంతా యాంటీఆక్సిడెంట్ మహిమే అనడం తొందరపాటు.

మనుషుల్లో అల్సర్లకు ముఖ్య కారణాలు హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు. ఆ బాక్టీరియాను కనిపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. పైగా ఆల్కహాలు కడుపులోనే కూర్చోదు, కాలేయానికి పోయి అసిటాల్డిహైడ్ అవుతుంది. కడుపు పైపొర కొద్దిరోజుల్లో కొత్తకణాలు వేసుకుంటుంది. గట్టిపడిన కాలేయానికి అది అంత సులువు కాదు.

ఉసిరికి గిరాకీ పెరిగితే రైతు ఇంట పుట్టినవాడిగా నాకు సంతోషమే. పచ్చడి పెట్టుకోండి, కార్తికంలో చెట్టు కింద భోంచేయండి, ఎవరొద్దన్నారు? కాని కూలి డబ్బు దుకాణంలో పోసి వచ్చే మనిషికి "ఉసిరి తిను, ఏం కాదులే" అని సైన్సు పేరుతో చెప్పడం ద్రోహం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించమన్నారు గాని, మగవాళ్ల కడుపులకు కవచం అడగలేదు.

ఈ పరిశోధన చేసేవారిని నేను కోరేది ఇది. రసాన్ని ఆల్కహాలు తర్వాత కూడా ఇచ్చి చూడండి. పలచని ఆమ్లం పట్టించిన ఎలుకలను పక్కన పెట్టి పోల్చండి. కడుపుతోపాటు కాలేయాన్నీ కోసి చూడండి. అప్పుడేం తేలిందో, అనుకూలమైనా కాకపోయినా, వచ్చే ఏటి సంచికలో రాయండి.