నడుం తొక్కితే నొప్పి పోతుందా?

ఆత్రేయపురం పూతరేకు నోట్లో వేసుకుంటే ఇట్టే కరిగిపోతుంది. దాన్ని తీసిన మనిషి నడుం నొప్పి మాత్రం అంత తేలిగ్గా కరగదు!

బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట. బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. మళ్లీ ముంచడం, మళ్లీ లాగడం... చిన్న పీట మీద ముందుకు వంగి గంటల తరబడి ఇదే పని. చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. రేకుకు పేరొచ్చింది. మరి నడుం సంగతో?

గోదావరి పల్లెల్లో నడుం పట్టేస్తే ముందు గుర్తొచ్చేది ఆస్పత్రి కాదు. వేణ్ణీళ్లు, ఉప్పుమూట కాపడం, నువ్వుల నూనె మర్దనా. అప్పటికీ తగ్గకపోతే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లను పిలిచి తొక్కించుకోవడం. తొక్కించుకున్నాక ప్రాణం లేచొచ్చిందని చెప్పేవాళ్లు ఎందరో. నాలుగు రోజులకే మళ్లీ మొదలైందని చెప్పేదీ వాళ్లే!

ఈ రెండు మాటలూ నిజమే. మర్దనాతో బిగుసుకున్న కండరం సడలుతుంది. పైగా రోజంతా ఇంటికి చాకిరీ చేసే ఆడదాన్ని ఒకరు పడుకోబెట్టి, ఎక్కడమ్మా నొప్పి అని అడగడమే గొప్ప ఊరట. చాలావరకు నడుం పట్టు కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది కూడా. ఆ పేరు తొక్కినవాళ్ల పాదానికి దక్కుతుంది. ఎలా పుట్టారన్నదానికీ నొప్పికీ సంబంధమేమీ లేదు.

అలాగని చేతివైద్యాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. 2020లో ప్రపంచంలో దాదాపు 62 కోట్లమందికి నడుం నొప్పి ఉందని లెక్క. వారిలో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామంతోపాటు మర్దనా, వెన్నును చేత్తో సరిచేసే చికిత్స కూడా ఉన్నాయి. నడుముకు బెల్టులు మాత్రం మామూలుగా వద్దంది. అయితే శిక్షణ పొందిన చేయి వేరు, మనిషి బరువంతా వెన్ను మీద మోపడం వేరు. ముట్లు ఆగిన వయసులో ఎముకలు గుల్లబారి ఉంటే తొక్కుడుకు వెన్నుపూస విరిగే ప్రమాదముంది.

కాలు మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, నొప్పితో జ్వరమొచ్చినా, కిందపడ్డాక నొప్పి మొదలైనా మర్దనా మాటే వద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంతకీ అసలు చిక్కు ఎక్కడుంది? ఉదయం మర్దనా చేయించుకుని మధ్యాహ్నం అదే పీట మీద, అదే వంగుడు వంగితే ఏ వైద్యం నిలుస్తుంది? విశ్రాంతి తీసుకోమనడం తేలికే. ఎన్ని రేకులు తీస్తే అంత కూలి అన్నచోట విశ్రాంతి అంటే ఆ పూట డబ్బు పోవడమే. అందుకే ఆడవాళ్లు నొప్పి ముదిరేదాకా ఓర్చుకుంటారు.

పొయ్యిని గట్టు మీదకు ఎత్తితే వంగే పని తగ్గుతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. ఇద్దరుంటే రేకు తీయడం, చుట్టడం వంతులేసుకోవచ్చు. గట్టు కట్టించే ఖర్చు ఈ రేకులతో వ్యాపారం చేసేవాళ్లు భరించడం న్యాయం. ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వారానికోరోజు ఫిజియోథెరపిస్టు వస్తే, ఏ వ్యాయామం చేయాలో అక్కడే నేర్పొచ్చు. భౌగోళిక గుర్తింపు కోసం కలిసి అడిగిన ఊరు దీనికోసమూ కలిసి అడగలేదా?