ఈ పిట్ట ‘నాన్నా పులి’ అన్నా నమ్మక తప్పదు

కరెంటు తీగ మీదో, గేదె వీపు మీదో కూర్చునే నల్లటి పిట్టని చూసే ఉంటారు. తోక చివర రెండుగా చీలి ఉంటుంది. పసలపోలిగాడు అంటారు. గద్దనైనా సరే వెంటపడి తరిమేసే రకం. దక్షిణాఫ్రికాలోని కలహారి ఎడారిలో దీనికో చుట్టం ఉంది, పేరు డ్రాంగో. దానికి ధైర్యంతో పాటు దొంగబుద్ధి కూడా ఉంది.

అక్కడ మీర్‌క్యాట్‌లని చిన్న జంతువులుంటాయి, మన ముంగిసకి బంధువులు. ఇసుక తవ్వుకుంటూ పురుగులు, తేళ్లు తింటాయి. తల గుంతలో ఉంటే ఆకాశం కనపడదు కదా! కొమ్మ మీదున్న డ్రాంగో గద్దని చూసి అరుస్తుంది, ఇవి కన్నాల్లోకి దూరతాయి. ఫ్రీగా వాచ్‌మన్ దొరికినట్టే.

కానీ ఏ మీర్‌క్యాట్‌కో లావుపాటి పురుగు దొరికిందా, గద్ద లేకపోయినా వాచ్‌మన్ అదే అరుపు అరుస్తాడు. పాపం అది పురుగుని వదిలేసి పరుగు. ఇతగాడు తాపీగా దిగి ఎత్తుకుపోతాడు.

మరి ‘నాన్నా పులి’ కథలో పిల్లాడి గతి దీనికెందుకు పట్టదు? టామ్ ఫ్లవర్ అనే పరిశోధకుడి బృందం 2014లో ‘సైన్స్’ పత్రికలో దీనికి జవాబిచ్చింది. డ్రాంగోకి తన అరుపులే కాదు, మీర్‌క్యాట్‌ల అరుపులు, వేరే పక్షుల అరుపులు కూడా వచ్చు. ఒకటి పని చేయకపోతే ఇంకోటి తీస్తుంది. అక్కడే ఉండే బ్యాబ్లర్ పిట్టలకి ఒకే అరుపుని మూడుసార్లు వినిపిస్తే, మూడోసారికి లైట్ తీసుకున్నాయి. మూడోసారి అరుపు మార్చి వినిపిస్తే మళ్లీ భయపడ్డాయి. డ్రాంగో తినే తిండిలో దాదాపు 23 శాతం ఇలా కొట్టేసిందేనట!

ఇది చదివి నాకు మా ఆన్‌కాల్ డ్యూటీ గుర్తొచ్చింది. అర్ధరాత్రి మోగే సర్వర్ అలర్ట్‌లలో ఉత్తుత్తివే ఎక్కువ. రోజూ వచ్చేదైతే మ్యూట్ చేసి పడుకుంటాం. ఎప్పుడూ చూడని ఎర్రర్ వస్తే మాత్రం నిద్ర ఎగిరిపోతుంది, లేచి ల్యాప్‌టాప్ తెరవాల్సిందే.

మీర్‌క్యాట్‌ని అమాయకురాలు అనుకోకండి. దాని లెక్క దానికుంది. అబద్ధాన్ని నమ్మితే పోయేది ఒక పురుగు, నిజాన్ని నమ్మకపోతే పోయేది ప్రాణం. పైగా ఈ దొంగ అన్నిసార్లూ అబద్ధమాడడు. నిజంగా గద్ద వచ్చిన రోజు కూడా కొమ్మ మీద నుంచి అరిచేది వాడే.