మనోళ్ళు జీతం అడగరు, జాబ్ మానేస్తరు



పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపికతో చదవండి. డిప్లొమా సివిల్, మెకానికల్ లేదా ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ చేసి ఆటోక్యాడ్ పనిలో చేరిన, చేరబోతున్న మనోళ్ళ కోసం రాస్తున్న. వేరే జాబులోళ్ళకు కూడా కొంత పనికొస్తదేమో.

జీతం తక్కువైతే మనోళ్ళు అడగరు, మానేస్తరు. మా పాలిటెక్నిక్ సీనియర్లలో, మా బ్యాచ్‌లో నేను చూసింది ఇదే. ఎనిమిది నెలలో పది నెలలో నోరు మూసుకొని చేస్తరు. పండగకు ఊరికి వస్తరు, మళ్ళీ పోరు. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే ఎత్తరు. ఊర్లో ఎవరైనా అడిగితే "ఆ పని నచ్చలే" అంటరు. నిజానికి పని నచ్చింది, జీతం చాలలే. ఆ మాట చెప్పాల్సిన మనిషికి తప్ప మిగతా అందరికీ చెప్పుకుంటరు.

ఇట్ల వచ్చేస్తే ఒక్క జాబ్ పోయిందనుకుంటం. కానీ నోటీసు ఇయ్యకుండా వచ్చేస్తే రిలీవింగ్ లెటర్ రాదు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ రాదు. పది నెలల పని కాగితం మీద లేనట్టే. ఇంకో ఆఫీసుకు పోతే మళ్ళీ ఫ్రెషరే. మా సీనియర్ అన్న ఒకాయన ఇట్లనే మూడు ఆఫీసులు మారిండు. చెయ్యి తిరిగిన మనిషి, బీమ్ డీటెయిలింగ్ చూడకుండా చేస్తడు. మూడో ఆఫీసులో కూడా ఆయనకు ఇచ్చింది ఫ్రెషర్ జీతమే. ఇప్పుడు ఊర్లో మీసేవ పక్కన జిరాక్స్ మిషన్ పెట్టుకున్నడు. ఆయన కింద కూసోని నేర్చుకున్న పిల్లలు ఆయనకంటే ఎక్కువ తీసుకుంటున్నరు.

ఎందుకు అడగరంటే బయటోళ్ళు "వాళ్ళకు సిగ్గెక్కువ" అని తేల్చేస్తరు. నాకట్ల అనిపించదు. మన చదువంతా ఇచ్చింది తీసుకునుడే కదా. ఆశ్రమ పాఠశాలల దుప్పటి, ప్లేటు, పుస్తకాలు ఇచ్చిండ్రు. స్కాలర్‌షిప్ వాళ్ళు వేసినప్పుడే పడ్డది. ఐటీడీఏ ఆఫీసుల దరఖాస్తు పట్టుకొని లైన్ల నిలబడినం. అవన్నీ మన హక్కులే, కానీ ఇచ్చే తీరు దయ చూపెట్టినట్టు ఉంటది. ఎంత ఇయ్యాలో పైన ఎవరో రాస్తరు, మనం సంతకం పెడతం. అట్ల పెరిగినోళ్ళకు మొదటి జీతం కూడా పైనుంచి మంజూరైనట్టే కనిపిస్తది. మా తమ్ముడొకడు జాబ్‌లో చేరి ఫోన్ చేసి "అన్నా, నాకు పన్నెండు వేలు శాంక్షన్ అయింది" అన్నడు. జీతం గురించి! నవ్వొచ్చింది, పెట్టేసినంక చాలాసేపు నవ్వు రాలే.

మరి ఇంటికాడ మనోళ్ళకు అడుగుడు రాదా? మాది ఏటూరునాగారం వైపు. ఎండాకాలం తునికాకు తెంపక ముందే 50 ఆకుల కట్టకు ఎంతిస్తరో తేలాలె. మా అమ్మ వేలిముద్ర మనిషి. కల్లందగ్గర కల్లేదారు కట్టలు పక్కకు తీసేసి "ఇవి చిన్నగున్నయి" అంటే ఊరుకోదు, ఆయన ముందే విప్పి లెక్కపెట్టి చూపెడతది. కట్ట రేటు పైసల నుంచి రూపాయల్లోకి వచ్చిందంటే మన అమ్మమ్మలు, అమ్మలు అడగబట్టే వచ్చింది. ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ ఊరంతా ఒక్క మాట మీద ఉంటది, ఆఫీసుల మనం ఒక్కరమే. "అమ్మ అడిగింది, నువ్వూ అడుగు" అని ధైర్యం చెప్పి వదిలేస్తే సరిపోదు. ఒక్కరమే అడగాలంటే ఊరి బదులు చేతిలో ఇంకేదో ఉండాలె. అమ్మ కట్ట విప్పి లెక్క చూపెట్టినట్టు మనమూ లెక్క చూపెట్టాలె.

డ్రాఫ్టింగ్ పనిలో ఆ లెక్క దొరుకుతది. అందుకే ఈ జాబ్‌లో అడుగుడు వేరే చాలా జాబులకంటే సులువని నా అభిప్రాయం.

నేను డిప్లొమా అయినంక హైదరాబాద్‌లో ఒక స్ట్రక్చరల్ ఆఫీసుల ఏడాది చేసిన. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ సెకండియర్‌లో చేరిన, ఇప్పుడు హాస్టల్‌లో ఉంటున్న. ఆఫీసుల 11,000తో చేరిన. మొదటి రెండు నెలలు ఎవరికైనా సరే ఆఫీసే నేర్పాలె. మనకు కమాండ్లు వస్తయి గానీ వాళ్ళ లేయర్లు, లైన్ మందం, అక్షరాల సైజు, బ్లాకులు రావు. షీటు తీసుకపోతే ఇంజనీర్ సార్ ఎర్రపెన్నుతో నింపి పంపుతడు. ఒక్కో షీటు మూడుసార్లు తిరిగొస్తది. నాలుగో నెలకు సెంటర్‌లైన్, కాలమ్ లేఔట్, ఫుటింగ్ డీటెయిల్స్ సొంతంగా చేస్తం. ఐదో నెలకు బార్ బెండింగ్ షెడ్యూల్ కూడా మన చేతికే వస్తది. అప్పుడు ఎర్ర గుర్తులు ఒకటో రెండో ఉంటయి, కొన్నిసార్లు ఉండవు. అంటే మన షీటు సరిచూసే ఇంజనీర్ టైమ్ మిగిలింది. ఆయన గంట మన గంటకంటే చాలా ఖరీదు. ఆఫీసుకు మనవల్ల వచ్చే లాభం ఇక్కడే ఉంది. దీన్నిబట్టే అడగాలె.

ప్రతి షీటు కింద మూలన టైటిల్ బ్లాక్ ఉంటది. గీసినోళ్ళ పొడి అక్షరాలు, సరిచూసినోళ్ళవి, తేదీ, పక్కన రివిజన్ నంబర్లు అన్నీ అందుల్నే ఉంటయి. మనం ఏం చేసినమో అక్కడ ఆల్రెడీ రాసి ఉంది. నేను చేరిన వారం నుంచి చిన్న నోట్‌బుక్కుల రాసుకున్న: తేదీ, షీటు నంబర్, ఎన్ని రివిజన్లు, ప్రతి రివిజన్ ఎవరి వల్ల. ఈ చివరిది ముఖ్యం. ఓనర్ మెట్లు ఇటు వద్దు అటు అంటే వచ్చిన రివిజన్ వేరు, డ్రాఫ్టర్ కొలత తప్పేస్తే వచ్చింది వేరు. ఆఫీసుల అందరికీ గుర్తుండేది మాత్రం "ఆ షీటు ఐదుసార్లు తిరిగింది" అనే. మన దగ్గర లెక్క లేకపోతే ఆ ఐదూ మన ఖాతాలనే పడతయి. డ్రాయింగులు మాత్రం కాపీ చేసుకోవద్దు, అవి ఆఫీసువి. లెక్క రాసుకుంటే చాలు.

ఏడో నెలల సార్‌ను టైమ్ అడిగి కూసున్న. సైట్‌కు డ్రాయింగులు పంపే హడావుడి రోజున కాకుండా అవి పోయిన రెండు రోజులకు అడిగిన. మొదటి నెలల ఇన్ని షీట్లు, ఇన్ని తిరిగినయి, ఇప్పుడు ఇన్ని, ఇన్ని తిరిగినయి అని నోట్‌బుక్ ముందు పెట్టి 15,000 కావాలన్న.

ఆయన అన్న మొదటి మాట: "నీలాంటోళ్ళు అమీర్‌పేటల గల్లీకి పదిమంది దొరుకుతరు." ఈ మాట మీకూ అంటరు, రెడీగా ఉండండి. ఇందుల నిజం కూడా ఉంది. మూడు నెలల కోర్సు చేసి వచ్చేటోళ్ళు చాలామందే ఉన్నరు. కానీ వాళ్ళకు ఈ ఆఫీసు పద్ధతి నేర్పనీకి మళ్ళీ మూడు నాలుగు నెలలు పడ్తది, ఆ మూడు నాలుగు నెలలు ఎర్రపెన్ను సార్ టైమ్ పోతది. నేను అంతే చెప్పిన, గొంతు పెంచలే.

రెండో మాట: "మీకేంది, కోటాల గవర్నమెంట్ జాబ్ వస్తది, ఎట్లయినా పోతవ్." ఇదే చాలామందిని లోపల కోసేస్తది, ఇక్కడే లేచి వచ్చేస్తరు. రేపు నాకు గవర్నమెంట్ జాబ్ రావొచ్చు, రాకపోవచ్చు. ఈ నెల నేను గీసిన షీటుకు దానికి సంబంధం ఏముంది? పక్క సీటు అబ్బాయి అమెరికా పోతా అంటుండు, ఆయన జీతం దానికోసం ఎవరూ ఆపలే. రిజర్వేషన్ గురించి అక్కడ వాదన పెట్టుకోవద్దని మాత్రం నా సలహా. ఆ వాదన మొదలైతే మనం కూసున్న జీతం మాట పక్కకు పోతది, వాళ్ళకు కావాల్సింది కూడా అదే. "సార్, ఉన్నన్ని రోజుల పని గురించి మాట్లాడుదాం" అని మళ్ళీ నోట్‌బుక్ దగ్గరికే తీసుకురావాలె.

13,500 చేసిండ్రు. అడిగింది మొత్తం రాలే. ఇంకో ఆరు నెలలకు మళ్ళీ చూస్తమన్న మాట మెయిల్‌లో రాయమని అడిగితే రాసిండ్రు.

ఇంకొకటి గట్టిగా చెప్త. ఇంటి కష్టం చెప్పి అడగకండి. నాన్నకు ఒంట్ల బాగలేదు, చెల్లి ఫీజు కట్టాలె, ఇవన్నీ నిజాలే. కానీ అది చెప్పినరంటే సార్ జేబులకెళ్ళి రెండు వేలు తీసిస్తడు, లేదా అడ్వాన్స్ ఇచ్చి నెలనెలా కోస్తడు. మంచోడు అనిపించుకుంటడు, మనం మళ్ళీ లైన్ల నిలబడ్డట్టే. జీతం అక్కడే ఉంటది.

చేరేటప్పుడు చెప్పే నంబర్ చేతికొచ్చేదా, సీటీసీనా అడగండి. సీటీసీ 14,000 అంటే అందుల కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపి చెప్తరు. బేసిక్ 8,000 అయితే వాళ్ళ 12 శాతం 960, మన 12 శాతం 960. ఈఎస్ఐ కూడా తీస్తే చేతికి 12,000 లోపే. పీఎఫ్ వద్దని నేను అనను, అది మన పైసలే. పెంచినం అని చెప్పినప్పుడు ఎక్కడ పెంచిండ్రో పేస్లిప్ చూసుకోండి. ఇరవై మంది లేని చిన్న ఆఫీసుల పీఎఫ్ తప్పనిసరి కాదు, పేస్లిప్ కూడా ఇయ్యరు. అట్లాంటి చోట జీతం బ్యాంకుల వేయమని అడగండి, చేతికి తీసుకోకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇయ్యొద్దు. చూపెట్టి వెనక్కి తెచ్చుకోండి.

నోటితో చెప్పుడు కష్టమైనోళ్ళు రాసి పంపండి. ఇంట్ల కోయ, బడిల తెలుగు, ఆఫీసుల ఇంగ్లీష్, మూడో భాషల జీతం అడగాలంటే ఎవరికైనా గొంతు తడారిపోతది. తెలుగులనే నాలుగు వరుసల వాట్సాప్ మెసేజ్ పెట్టినా చాలు, తేదీతో ఉంటది.

అక్కలు, చెల్లెళ్ళు. పక్క సీటు మగపిల్లగాడు అదే షీట్లు గీస్తూ ఎక్కువ తీసుకుంటుంటే దాన్ని మామూలే అనుకోకండి. ఒకే పనికి ఒకే వేతనం ఇయ్యాలని 1976లనే చట్టం వచ్చింది. "నువ్వు హాస్టల్ టైమ్‌కు పోతవు, వాడు రాత్రి పది దాకా ఉంటడు" అని చెప్తరు. అట్లంటే షీట్ల లెక్క ముందు పెట్టండి. ఉన్న గంటలు ఎక్కువైనంత మాత్రాన గీసిన షీట్లు ఎక్కువైనట్టు కాదు. మా ఆఫీసుల ఆరుకే లేచిపోయే అక్కే అందరికంటే ఎక్కువ షీట్లు ఇచ్చేది.

ఒకసారి లేదన్నరు, చెప్పిన తేదీకి మళ్ళీ అడిగితే మళ్ళీ లేదన్నరు అనుకోండి. అప్పుడు వెతుక్కోవచ్చు. ఈ జాబ్‌ల ఉంటనే వెతకాలె, వేరేది చేతికొచ్చినంక నోటీసు రాసిచ్చి, లెటర్లు తీసుకొని రావాలె. ఒక్క నెల ఓపిక పడితే ఏడాది పని మనతోని వస్తది.

ఒక పని చేద్దాం. డ్రాఫ్టింగ్‌లో ఉన్నోళ్ళు ఈ పోస్టు కింద మీ ఊరు పేరు, కంపెనీ పేరు లేకుండా మూడే ముక్కలు రాయండి: ఏ సిటీ, ఎన్ని నెలల అనుభవం, చేతికి ఎంత. సివిలా మెకానికలా అన్నది కూడా రాస్తే ఇంకా మంచిది. పేరు కనపడొద్దనుకుంటే నాకు మెసేజ్ పెట్టండి, నేనే వేస్త. ముందు నాదే రాస్తున్న: హైదరాబాద్, సివిల్, చేరినప్పుడు 11,000, ఏడో నెలల 13,500.